స్పీకర్ వెనక సీఈ గుర్తు: ఎవరు వేస్తారు, ఏ ధైర్యంతో వేస్తారు

పాత జీఎస్‌ఎం (2జీ) ఫోన్‌ను కంప్యూటర్ స్పీకర్ల పక్కన పెట్టుకుని పనిచేసినవాళ్లకు ఒక చప్పుడు గుర్తుండే ఉంటుంది. ఫోన్ మోగడానికి ఓ క్షణం ముందు స్పీకర్‌లో ‘టిట్టిటిట్, టిట్టిటిట్, టర్ర్‌ర్’ అని మొదలయ్యేది. ఫోన్‌ను ఒక జానెడు దూరం జరిపితే తగ్గేది. స్పీకర్ వెనక కనిపించే సీఈ గుర్తు, ఈ పరికరం యూరప్ చట్టాల ప్రకారమే ఉందని తయారీదారు ఇచ్చే మాట. ఆ గుర్తు కథను ఈ చప్పుడుతోనే మొదలుపెడదాం.

ఆ చప్పుడు ఎక్కడిదో చూద్దాం. జీఎస్‌ఎం ఫోన్ సిగ్నల్‌ను ఏకధారగా పంపదు, ముక్కలు ముక్కలుగా పంపుతుంది. ఒక్కో ముక్క 0.577 మిల్లీసెకన్లు ఉంటుంది, 4.615 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వెళ్తుంది. అంటే సెకనుకు దాదాపు 217 ముక్కలు. ఫోన్ వాడే 900 మెగాహెర్ట్జ్ తరంగం మన చెవికి అందదు. దాంతో యాంప్లిఫయర్‌కు కూడా పని లేదు. కానీ స్పీకర్ వైరో, ఆడియో కేబులో దాన్ని యాంటెన్నాలా పట్టి లోపలికి తెస్తే, మొదటి ట్రాన్సిస్టర్‌లో ఉండే జంక్షన్ డయోడ్‌లా పనిచేసి దాన్ని రెక్టిఫై చేసేస్తుంది, అంటే అటూ ఇటూ ఊగేదాన్ని ఒకేవైపు వోల్టేజిగా మార్చేస్తుంది. 900 మెగాహెర్ట్జ్ పోయి, సెకనుకు 217 సార్లు లేచిపడే వోల్టేజి మిగులుతుంది. 217 హెర్ట్జ్ అంటే చెవికి చక్కగా వినిపించే శబ్దం. ఆ పైన యాంప్లిఫయర్ తన పని తాను చేస్తుంది, పెంచి వినిపిస్తుంది.

ఇందులో తప్పెవరిది? ఫోన్ తనకు అనుమతి ఉన్న ఫ్రీక్వెన్సీలో, అనుమతి ఉన్న పవర్‌తోనే పంపింది. స్పీకర్ తయారుచేసినవాళ్లు ఇన్‌పుట్ దగ్గర ఒక చిన్న కెపాసిటర్, ఒక ఫెర్రైట్ పూస పెట్టి ఉంటే ఆ తరంగం అక్కడే ఆగిపోయేది. యూరప్ చట్టం ఈ లెక్కను సూటిగా తేల్చింది. విద్యుదయస్కాంత అనుకూలత, పొట్టిగా ఈఎంసీ, అనే బరువైన పేరు కింద ఉన్నవి రెండే బాధ్యతలు. పరికరం పక్కనున్న రేడియోనో ఫోన్‌నో ఇంకోదాన్నో పాడుచేసేంత అక్కర్లేని తరంగాల అల్లరి గాలిలోకీ, కరెంటు లైనులోకీ వదలకూడదు. పక్కనున్నవి మామూలుగా వదిలే అల్లరిని తట్టుకుని తన పని తాను చేసుకోవాలి. మొదటిదాన్ని ఎమిషన్ అంటారు, రెండోదాన్ని ఇమ్యూనిటీ అంటారు. ఆ స్పీకర్ రెండోదాంట్లో ఫెయిలయింది.

ఎమిషన్ గొడవ పాతది. ఇళ్లలోకి రేడియోలు వచ్చిన కాలంలో మోటార్లు, స్విచ్చులు వాటిలో గరగర పుట్టించేవి. దాన్ని ఏ దేశానికాదేశం ఒక్కోలా కొలిస్తే లాభం లేదని 1934లో సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ కమిటీ పుట్టింది. ఈనాటికీ ఆడియో పరికరాల పరిమితులు ఆ కమిటీ లెక్కలోంచే వస్తాయి. అప్పటి రేడియో వాసన కూడా వాటిని వదల్లేదు. ల్యాబుల్లో వాడే ‘క్వాసీ పీక్’ అనే కొలత పద్ధతి, రేడియో వినే మనిషికి ఏ టపటప ఎంత చిరాకు తెప్పిస్తుందో దాన్నిబట్టి తయారైంది. ఎప్పుడో ఒకసారి వచ్చే టిక్కుకు తక్కువ మార్కు, ఎడతెగకుండా వచ్చే గరగరకు ఎక్కువ మార్కు. ఒక మీటరు లోపల వినేవాడి విసుగును కొలతగా దాచిపెట్టారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇమ్యూనిటీని మాత్రం యూరప్ 1989లో తెచ్చిన 89/336 డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ తమ చట్టంలోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం)తోనే గట్టిగా పట్టుకుంది. 1996 జనవరి 1 నుంచి అది తప్పనిసరి అయింది. తర్వాత 2004/108 వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2014/30. 2016 ఏప్రిల్ 20 నుంచి అమల్లో ఉంది.

గుర్తు ఇచ్చేదెవరు

సీఈ గుర్తు గురించి ఉన్న అపోహల్లో పెద్దది, దాన్ని ఏదో ఆఫీసు పరీక్ష పెట్టి ఇస్తుందని. మామూలు ఆడియో పరికరం విషయంలో అలాంటి ఆఫీసే లేదు. తయారీదారే తన పరికరాన్ని పరిశీలించుకుని, తానే పత్రం రాసి, తానే సంతకం పెట్టి, తానే గుర్తు వేసుకుంటాడు. ఈఎంసీ డైరెక్టివ్‌లో దీన్ని మాడ్యూల్ ‘ఎ’ అంటారు. నోటిఫైడ్ బాడీ అనే బయటి సంస్థ దగ్గరకు వెళ్లే దారి కూడా ఉంది కానీ, ఈఎంసీకి అది ఇష్టమైతేనే.

‘అయితే ఎవరైనా వేసేసుకోవచ్చన్నమాట’ అని తేలిగ్గా తీసుకునేవాళ్లు కనిపిస్తారు. గుర్తు వేయడం తేలికే, కానీ అది వేసినవాడి మెడలో బరువు పడుతుంది. గుర్తు వెనక ఒక టెక్నికల్ ఫైలు ఉండాలి. పరికరం ఏమిటి, సర్క్యూట్ ఎలా ఉంది, అల్లరి ఎక్కడ పుట్టవచ్చు, ఎక్కడ లోపలికి రావచ్చు, దానికి ఏం చేశారు, ఏ స్టాండర్డ్ ప్రకారం చూశారు, పరీక్ష చేస్తే రిపోర్టు ఏది, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ మోడల్ మార్కెట్లోకి వెళ్లాక 10 ఏళ్ల పాటు ఆ ఫైలును, సంతకం పెట్టిన డిక్లరేషన్‌ను దాచాలి. అధికారులు అడిగిన రోజు తీసి ఇవ్వాలి. పరికరం మీద తయారీదారు పేరు, చిరునామా, మోడల్ లేదా సీరియల్ నంబరు ఉండాలి. బయటి దేశం నుంచి వస్తే దిగుమతిదారు పేరు, చిరునామా కూడా ఉండాలి. ఇంత చిన్న పరికరం మీద చోటు లేదంటే ప్యాకింగ్ మీదో, కాగితాల్లోనో వేయవచ్చు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఎన్ని తయారుచేస్తే ఈ చట్టం వర్తిస్తుంది అనే అంకె ఎక్కడా లేదు. ఇంట్లో టేబుల్ మీద పది గిటార్ పెడల్స్ (గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెలు) సోల్డర్ చేసి యూరప్‌లో అమ్మే మనిషి కూడా, లక్షల్లో తయారుచేసే కంపెనీ కూడా చట్టం కళ్లకు ఒకే ‘తయారీదారు’. సరదాకు రేడియో సంకేతాలు పంపుకునే రేడియో అమెచ్యూర్లు తమ కోసం కూర్చుకునే కిట్లకు డైరెక్టివ్‌లో మినహాయింపు ఉంది. దాన్ని చూసి ఆడియో కిట్లకూ ఉందనుకుని పొరబడేవాళ్లున్నారు. ఆ మినహాయింపు లైసెన్సు ఉన్న రేడియో అమెచ్యూర్ల వరకే.

ఒకే పెట్టె, నాలుగు వేషాలు

నిబంధనలు ఎలా మారుతాయో తెలియాలంటే ఒక్క పరికరాన్ని పట్టుకుని దాని వెంట వెళ్లడం మేలు. చేతిలో పట్టే చిన్న ఆడియో పెట్టెనే తీసుకుందాం.

మొదట అందులో యాంప్లిఫయర్ లేదు. వైరున్న హెడ్‌ఫోన్, లేదా ఉత్త స్పీకర్. లోపల ఒక చుట్ట, ఒక అయస్కాంతం, ఒక కాగితపు కోను. అల్లరి పుట్టించే భాగం లేదు, వచ్చిన అల్లరిని రెక్టిఫై చేసే జంక్షనూ లేదు. ఇలాంటివాటిని డైరెక్టివ్ తన పరిధిలోంచి తప్పించింది. యూరోపియన్ కమిషన్ మార్గదర్శిలో యాంప్లిఫయర్ లేని హెడ్‌ఫోన్లు, స్పీకర్లు, ఎలక్ట్రానిక్ భాగాలు లేని గిటార్ పికప్పులు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేవి), ఉత్త కేబుళ్లు పేరుపెట్టి మరీ కనిపిస్తాయి. మరి వైరున్న హెడ్‌ఫోన్ మీద సీఈ గుర్తు ఎందుకుంటుంది? అది ఈఎంసీ కోసం వేసింది కాదు. సీసం, కాడ్మియం లాంటి హానికర పదార్థాల మీద పరిమితి పెట్టే రోస్ డైరెక్టివ్, అంటే 2011/65, కూడా సీఈ గుర్తునే అడుగుతుంది. చిక్కుముడి అంతా ఇక్కడే ఉంది. గుర్తు ఒక్కటే, దాని వెనక చట్టాలు చాలా. ఏ చట్టం ప్రకారం వేశారో గుర్తును చూస్తే తెలియదు, డిక్లరేషన్ చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు పెట్టెలో ఒక 9 వోల్టుల బ్యాటరీ, రెండు ట్రాన్సిస్టర్లు పెట్టాం. గిటార్ పెడలో, చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయరో అయింది. ఈఎంసీ డైరెక్టివ్ లోపలికి వచ్చేశాం. కరెంటు షాక్ లాంటి భద్రత విషయాలు చూసే లో వోల్టేజ్ డైరెక్టివ్ 2014/35 మాత్రం ఇంకా రాదు. అది ఏసీ అయితే 50 నుంచి 1000 వోల్టుల మధ్య, డీసీ అయితే 75 నుంచి 1500 వోల్టుల మధ్య పనిచేసేవాటికే. అలాగని భద్రత ఎవరికీ పట్టదని కాదు. 2024 డిసెంబర్ 13 నుంచి అమలవుతున్న జనరల్ ప్రొడక్ట్ సేఫ్టీ రెగ్యులేషన్ మిగిలిన వినియోగ వస్తువుల్ని చూసుకుంటుంది.

ఈ రెండు ట్రాన్సిస్టర్ల పెడల్ గాలిలోకి వదిలే అల్లరి దాదాపు సున్నా. లోపల ఆసిలేటర్ లేదు, ప్రాసెసర్ లేదు, స్విచింగ్ లేదు. కానీ సిగ్నల్‌ను వందల రెట్లు పెంచే సర్క్యూట్, దానికి మూడు నాలుగు మీటర్ల గిటార్ కేబుల్ తగిలించి ఉంటుంది. యాంటెన్నా, డిటెక్టర్, యాంప్లిఫయర్ మూడూ కుదిరాయి కదా, అది రేడియో అయిపోయింది. శబ్దాన్ని గరగరగా మార్చే ఫజ్ పెడల్‌లో దూరంగా వార్తలు వినిపించాయని గిటార్ వాయించేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కాబట్టి సింపుల్ అనలాగ్ పరికరం తయారుచేసేవాళ్లు పరీక్ష డబ్బు, ఆలోచన పెట్టాల్సింది ఇమ్యూనిటీ మీద. ‘మా దాంట్లో ఏమీ పుట్టదు, మాకెందుకు ఈఎంసీ’ అనే మాట సగం వరకే నిజం.

మూడో వేషం. బ్యాటరీ తీసేసి 230 వోల్టుల లైను నుంచి నడిచేలా స్విచింగ్ పవర్ సప్లై, క్లాస్ ‘డి’ యాంప్లిఫయర్ పెట్టాం. రెండూ వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ పనిచేసేవే. ఇప్పుడు లో వోల్టేజ్ డైరెక్టివ్ కూడా వచ్చి కూర్చుంది. ఎమిషన్ గొడవ నిజంగా మొదలైంది. క్లాస్ ‘డి’ చిప్ సెకనుకు 4 లక్షల సార్లు, అంటే 400 కిలోహెర్ట్జ్ వేగంతో స్విచ్ అవుతోందనుకుందాం. నిట్టనిలువు అంచులున్న ఆ తరంగంలో 400 కిలోహెర్ట్జ్ ఒక్కటే ఉండదు, దాని గుణిజాలు వరసగా పైదాకా పోతాయి. 250వ గుణిజం 100 మెగాహెర్ట్జ్ దగ్గర, ఎఫ్‌ఎం రేడియో బ్యాండ్ నడిబొడ్డున పడుతుంది. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లు, అందులో పావు వంతు 75 సెంటీమీటర్లు. పావు వంతు పొడవున్న వైరు మంచి యాంటెన్నా. మామూలు స్పీకర్ వైరు పొడవు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే చిప్ కాళ్లను ఆనుకునే ఫిల్టర్ ఉండాలి, తరంగం వైరులోకి దిగకముందే దాని గొంతు తగ్గించాలి.

నాలుగో వేషం అన్నిటికన్నా విచిత్రం. అదే పెట్టెలో గోరంత బ్లూటూత్ మాడ్యూల్ అతికించాం. వెంటనే ఈఎంసీ డైరెక్టివ్, లో వోల్టేజ్ డైరెక్టివ్ రెండూ పక్కకు తప్పుకుంటాయి. పరికరం మొత్తం రేడియో ఎక్విప్‌మెంట్ డైరెక్టివ్ 2014/53 కిందకు వెళ్తుంది. ఈఎంసీ అవసరమూ, భద్రతా అవసరమూ అందులోనే ఉన్నాయి. భద్రతకు ఇక వోల్టేజి పరిమితి కూడా లేదు, 3 వోల్టుల ఇయర్‌బడ్‌కూ వర్తిస్తుంది. సూచనల కాగితంలో ఏ ఫ్రీక్వెన్సీలో, గరిష్ఠంగా ఎంత పవర్‌తో ప్రసారం చేస్తుందో రాయాలి. 2024 డిసెంబర్ 28 నుంచి హెడ్‌ఫోన్లు, ఇయర్‌బడ్‌లు, పోర్టబుల్ స్పీకర్లు వైరుతో ఛార్జ్ చేసేవైతే యూఎస్‌బీ టైప్ సీ సాకెట్ కూడా ఈ డైరెక్టివ్ దారినే తప్పనిసరి అయింది. ప్రసారం చేయకుండా వినడానికే ఉన్న ఎఫ్‌ఎం రిసీవర్ పెట్టినా ఇదే కథ.

‘మేం కొన్న మాడ్యూల్‌కు సీఈ ఉంది, అడాప్టర్‌కు సీఈ ఉంది, కాబట్టి మా పెట్టెకూ ఉన్నట్టే’ అనే లెక్క మాత్రం చెల్లదు. సీఈ, సీఈ కూడితే సీఈ రాదని ఈ రంగంలో ఉన్నవాళ్లు అనేది అందుకే. అడాప్టర్‌ను పరీక్షించినప్పుడు దాని చివర మామూలు లోడు ఉండి ఉంటుంది. మన పెట్టె తగిలించి, మీటరు పొడవు స్పీకర్ వైర్లు వేలాడదీస్తే అది వేరే పరికరం.

ఎంత వదలొచ్చు, ఎంత తట్టుకోవాలి

చట్టంలో అంకెలు లేవు, రెండు బాధ్యతలే ఉన్నాయి. అంకెలు స్టాండర్డ్స్‌లో ఉన్నాయి. ఆడియో, వీడియో పరికరాల ఎమిషన్‌కు ఈఎన్ 55032, ఇమ్యూనిటీకి ఈఎన్ 55035. వాటిని పాటించడం చట్టప్రకారం తప్పనిసరి కాదు. కానీ యూరోపియన్ యూనియన్ అధికారిక పత్రికలో పేరు పడ్డ స్టాండర్డ్‌ను పూర్తిగా పాటిస్తే, చట్టాన్ని పాటించినట్టే అధికారులు భావించాలి. వేరే దారిలో వెళ్తే, ఆ దారి సరైందని నిరూపించే బాధ్యత తయారీదారుదే. రెండు ట్రాన్సిస్టర్ల పెడల్‌కు ఎమిషన్ పరీక్ష ఎందుకు అక్కర్లేదో ఇంజినీరింగ్ కారణాలతో రాసి ఫైల్లో పెట్టుకోవచ్చు. స్విచింగ్ ఉన్న పరికరానికి అలా రాసి తప్పించుకోవడం కుదరదు.

ఇళ్లలో వాడేవాటికి వర్తించేది క్లాస్ ‘బి’ పరిమితి. 10 మీటర్ల దూరంలో, 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ మధ్య, పరికరం నుంచి వచ్చే విద్యుత్ క్షేత్రం మీటరుకు 30 డెసిబెల్ మైక్రోవోల్ట్ దాటకూడదు. మామూలు భాషలో అది మీటరుకు దాదాపు 32 మైక్రోవోల్టులు. ఇమ్యూనిటీలో అదే పరికరం 80 మెగాహెర్ట్జ్ నుంచి పైకి మీటరుకు 3 వోల్టుల క్షేత్రాన్ని తట్టుకోవాలి. ఒకదాన్ని ఇంకోదాంతో భాగించి చూడండి, దాదాపు 95 వేల రెట్లు తేడా. అందరూ ఈ మాట మీద నిలబడితే మధ్యలో అంత ఖాళీ మిగులుతుంది కాబట్టే, ఒకే గదిలో పది పరికరాలు కలిసి బతుకుతున్నాయి.

కరెంటు లైనులోకి వదిలేదానికీ లెక్క ఉంది. 0.5 నుంచి 5 మెగాహెర్ట్జ్ మధ్య సగటు కొలత 46 డెసిబెల్ మైక్రోవోల్ట్ దాటకూడదు. అది 200 మైక్రోవోల్టులు. 230 వోల్టులు పారే తీగలో ఆ కాస్త గరగరను వెతికి కొలుస్తారు.

ఇమ్యూనిటీ పరీక్ష జరుగుతుంటే పక్కన నిలబడి చూడాలి. గన్‌లాంటి పరికరం మొనను వాల్యూమ్ నాబ్ దగ్గరి లోహానికి ఆనించి 4 కిలోవోల్టుల స్టాటిక్ షాక్ ఇస్తారు. ప్లాస్టిక్ మీద గాలిలోంచి 8 కిలోవోల్టులు వదులుతారు. కార్పెట్ మీద నడిచొచ్చిన మనిషి వేలు తగలడం లాంటిది. స్పీకర్ ఒకసారి ‘టప్’మని మళ్లీ మామూలుగా పాడితే పాస్. ఆగిపోయి, ఎవరో వచ్చి స్విచ్ తీసి వేస్తేగానీ కదలకపోతే ఫెయిల్. అదే రేడియో తరంగాల పరీక్షలో ఇంత వెసులుబాటు లేదు. క్షేత్రం ఉన్నంతసేపూ పరికరం పాడుతూనే ఉండాలి, వచ్చిన గరగర అనుమతించిన మట్టం లోపే ఉండాలి.

ఫెయిలైన చోట వెతికితే చాలాసార్లు ఒకే మూల దొరుకుతుంది. ఆడియో కేబుల్ చుట్టూ ఉండే షీల్డ్‌ను సాకెట్ దగ్గర లోహపు పెట్టెకు కలపకుండా, సన్నని వైరుతో లోపలి సర్క్యూట్ గ్రౌండ్‌కు లాగి ఉంటారు. షీల్డ్ బయట పట్టిన చెత్తంతా ఆ వైరు వెంట నడిచి యాంప్లిఫయర్ గుండెల్లోకి వస్తుంది. మైకులకు వాడే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లో షీల్డ్ ఒకటో నంబరు పిన్నుకు వస్తుంది కాబట్టి దీనికి ‘పిన్ 1 సమస్య’ అని పేరు. నీల్ మన్సీ 1995లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో దీన్ని వివరంగా రాశారు, 2005లో ఆ సొసైటీ ఏఈఎస్48 అనే స్టాండర్డ్ కూడా తెచ్చింది. దీనికి మందు ఖరీదైన చిప్ కాదు. షీల్డ్‌ను పెట్టె గోడకే, పొట్టిగా, దగ్గరగా కలపడం.

గుర్తును చదవడం

సీఈ అక్షరాలు రెండూ రెండు వృత్తాల్లోంచి కోసిన చాపాలు. ఎత్తు కనీసం 5 మిల్లీమీటర్లు ఉండాలి. ‘ఇ’ మధ్య గీత పై, కింద కొసలకన్నా కాస్త పొట్టి. అక్షరాలు దగ్గరగా ఉంటే అది ‘చైనా ఎక్స్‌పోర్ట్’ అనే వేరే గుర్తని విపరీతంగా ప్రచారంలో ఉంది. అలాంటి గుర్తు ఉన్నట్టు తన దృష్టికి రాలేదని, అది కొలతలు తప్పిన సీఈ గుర్తేనని యూరోపియన్ కమిషన్ చెప్పింది. కొలత తప్పిందంటే ఆ తయారీదారు పని మీద అనుమానం రావాలి, అంతవరకే. దాని పక్కనే కనిపించే గీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ వేరే చట్టానిది, పాత పరికరాన్ని మామూలు చెత్తలో వేయొద్దని. చతురస్రంలో చతురస్రం ఉంటే రెట్టింపు ఇన్సులేషన్ ఉందని. బ్రిటన్‌ది యూకేసీఏ గుర్తు. అయితే గ్రేట్ బ్రిటన్‌లో ఈ తరహా పరికరాలకు సీఈ కూడా చెల్లుతూనే ఉంది.

2021 జూలై 16 నుంచి ఒక మార్పు వచ్చింది. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ఆన్‌లైన్‌లో నేరుగా అమ్మేవాళ్లకు కూడా, యూనియన్ లోపల బాధ్యత వహించే ఒక వ్యక్తో సంస్థో ఉండాలని 2019/1020 రెగ్యులేషన్ చెప్తోంది. ఆ పేరు, చిరునామా పరికరం మీదో ప్యాకింగ్ మీదో ఉండాలి. గుర్తు కన్నా ముందు నేను వెతికేది ఆ చిరునామానే. గుర్తును ముద్రించడం ఎవరికైనా చేతనవుతుంది. అడిగితే జవాబు చెప్పాల్సిన మనిషి చిరునామా ఇవ్వడానికి మాత్రం చాలామంది వెనకాడతారు.

చిరునామా దొరికితే డిక్లరేషన్ అడగండి. బ్లూటూత్ స్పీకర్ అయితే అడగక్కర్లేదు, రేడియో డైరెక్టివ్ ప్రకారం పూర్తి పత్రమో, అది దొరికే ఇంటర్నెట్ చిరునామా ఉన్న పొట్టి పత్రమో పెట్టెలోనే ఉండాలి. చదవడానికి రెండు నిమిషాలు చాలు. పత్రంలో ఉన్న మోడల్ నంబరు, చేతిలో ఉన్న పరికరం నంబరు ఒకటేనా? సంతకం కింద పేరుందా? బ్లూటూత్ ఉన్న స్పీకర్‌కు 2014/53 రాయకుండా 2014/30, 2014/35 మాత్రమే రాసి ఉంటే, రాసినవాళ్లకు తాము అమ్మేది ఏమిటో తెలియలేదన్నమాట. స్టాండర్డ్స్ వరసలో ఈఎన్ 55013, ఈఎన్ 55020 కనిపిస్తే అవి పాత జంట, వాటి చోటులోకి 55032, 55035 వచ్చి ఏళ్లయింది. కొత్త మోడల్‌కు పాత అంకెలు ఉన్నాయంటే ఎవరిదో పత్రాన్ని తెచ్చి పేరు మార్చి ఉండవచ్చు.

పత్రం సరిగ్గా ఉండి కూడా పరికరం మారిపోయిన సందర్భాలుంటాయి. విప్పి చూస్తే సర్క్యూట్ బోర్డు మీద ‘ఎల్1’, ‘సీ1’ అని తెల్లటి అక్షరాలు, ఫిల్టర్ కోసం వదిలిన గుర్తులు ఉంటాయి. చుట్ట ఉండాల్సిన చోట రెండు చిన్న తీగ ముక్కలు అడ్డంగా సోల్డర్ చేసి ఉంటాయి. కెపాసిటర్ ఉండాల్సిన చోట రెండు ఖాళీ రంధ్రాలు. ల్యాబుకు వెళ్లిన నమూనాలో ఆ భాగాలు ఉన్నాయి, అమ్మకానికి వచ్చినదాంట్లో లేవు. వరసగా తయారయ్యే ప్రతి పరికరమూ ఫైల్లో ఉన్న డిజైన్‌తో సరిపోవాలని, డిజైన్ మార్చినా స్టాండర్డ్ మారినా మళ్లీ చూసుకోవాలని డైరెక్టివ్ తయారీదారును అడిగేది ఆ ఖాళీ రంధ్రాల గురించే.